లస్సర ద్వారోపవాసము

గ్రీష్మమాసములు కడచియు శరత్తు ఇంకను దరిజేరని యా సంధికాలమున పశ్చిమసముద్రమునుండి యెడతెగక వీతెంచు శీతలమారుతములచే తరుమబడిన ధూసరమేఘపంక్తులు కొండల యురములపై నొరసికొనుచు పోవుచుండగా ఒక గడియ జల్లును మఱియొక గడియ పలుచని యెండయు గలిగి క్షణక్షణపరివర్తనశీలమైన ఐర్లాండుదేశపు గగనము క్రింద యవసస్యములు పాండువర్ణము దాల్చి బరువెక్కిన వెన్నులను వంచుకొనియుండెను. గుట్టలమీద పొదపొదకును ఊదారంగు పూవులు విరియబూచియుండెను. పాతధాన్యము గాదెల యడుగంటి క్రొత్తధాన్యమింకను ఇల్లుచేరని యా దినములను ఆ దేశపు జనులు ఆకలినెల యని పిలుచుచుండిరి. చేలలో పంట కన్నుల పండువుగా నున్నను దానిని నోటనిడుకొనుటకు వారికి హక్కు లేదు. పంటపండుగనాడు రాజు తొలిరొట్టె విఱిచి తినిన పిమ్మటనే ప్రజలు క్రొత్తధాన్యమును ముట్టవలెనని యాచారము.

ఆ సీమయందొక నిర్మలసరోవరమునకు పడమటిగట్టున ద్రుమేల యను మఠము కలదు. ఆ దేశభాషలో ఆ మాటకు హంసలగుట్ట యని యర్థము. నూఱేండ్లకు పూర్వము చేత నొక గంటయు భుజమున నొక తోలుసంచియు దక్క మఱేమియు లేని తపస్వి యొకడు అచ్చటికి వచ్చి ముండ్లపొదలు నఱకి రాతిపై రాయి పేర్చి గుండ్రని ప్రాకారము గట్టగా కాలక్రమమున దాని నడుమ తేనెపట్టులను బోలిన శిలాకుటీరములును ఓకుమ్రాని పలకల ప్రార్థనామందిరమును లేగదూడల చర్మములను పలుచగా గీకి వానిపై దైవగ్రంథములను లిఖించు లేఖనశాలయు వెలసినవి. ప్రాకారమునకు వెలుపల నాలుగు దిక్కులను నాలుగు సిలువరాళ్లు నిలిపి వాని నడిమి నేలను అభయసీమ యని నాటి రాజు ప్రమాణపూర్వకముగా విడిచిపెట్టెను. ఆ రాళ్లు దాటి లోని కడుగిడిన వానిని శత్రువు గాని యజమాని గాని తుదకు రాజు గాని చేయిపట్టి యీడ్చుకొని పోరాదు. నూఱేండ్లలో ముగ్గురు రాజులు మాఱిరి. నలువురు మఠాధిపతులు మాఱిరి. ఆ కట్టడి మాత్రము మాఱదయ్యెను.

ఆ మఠపు పశుశాల నేలుచుండినది లస్సర. జ్వాల యని యర్థమిచ్చు నా పేరు పసితనమున నామె కేల పెట్టిరో యెవరెఱుగరు గాని యేబదియైదేండ్ల వయస్సున నది యామెకు చక్కగా నమరియుండెను. ఆమె సన్న్యాసిని గాదు. మఠభూమి నాశ్రయించి బ్రతుకు గృహస్థుల కోవకు జెందినది. భర్తను చలిజ్వరమునకును ఇద్దఱు కొమరులను రాజుల యుద్ధములకును ఒప్పగించి యొంటిగా మిగిలిన విధవ. ఇరువదియేడు కఱ్ఱియావులను వేకువనే పితికి మీగడ దీసి వెన్న చిలికి జున్ను గట్టుట యామె నిత్యవ్రతము. పొదుగులు పితికిపితికి చెట్టువేళ్లవలె బిగిసిన చేతివ్రేళ్లును మఠాధిపతినైనను మందలింప వెనుదీయని నాలుకయు దక్క నామెకు వేఱాస్తి లేదు.

పండుగకు రెండు వారములు ముందొక వేకువ తూర్పు సిలువరాతికడ ఆవును తోలుకొని వచ్చుచున్న లస్సరకు తుప్పలలోనుండి యొక యువతి పరుగెత్తుకొని వచ్చుట కానవచ్చెను. ఆమె పాదములనుండి నెత్తురు గాఱుచుండెను. అఱచేతులు తిరుగలిపిడి రాపిడిచే కాయలు గట్టి నల్లబడియుండెను. ఆమె పేరు మూరెన. పసితనమున నెక్కడనో చెఱపట్టబడి ఆ సీమ నేలు దూంగలరాజు కోటలో పదునైదేండ్లుగా ధాన్యము విసరుచున్న దాసి. పంటపండుగ ముగిసిన మరునాడు తన్ను సముద్రవణిజుల యోడ కెక్కించి మాఱుగా గుఱ్ఱములను దెచ్చుకొనుటకు రాజు నిశ్చయించెనని విని పాఱివచ్చినది.

“అభయసీమ యింకెంత దూరమమ్మా?” యని యామె రొప్పుచు నడిగెను.

“నీవిప్పుడే దాటితివి. ఆ రాయియే హద్దు. ఇక నిన్ను తాకువాడు లేడు. కూర్చుండి పాలు త్రాగుము” అని లస్సర కొయ్యదొప్ప యందిచ్చెను.

మూరెన యా మాటను నమ్మెను. ఆనాటి మధ్యాహ్నము పచ్చికమీద నెండలో నామె యొడలు తెలియక నిద్రించుచుండగా చూచి పదునైదేండ్లలో నీ పిల్ల పట్టపగలు కన్ను మూయుట యిదియే మొదటిసారి కాబోలునని లస్సర తలపోసెను. తరువాతి దినములలో మూరెన వెన్న చిలుకుట నేర్చుకొనెను. ఆవుల పేర్లు నేర్చుకొనెను. ఒకనాడు చిన్నగా నవ్వెను గూడ.

పదవనాటి మధ్యాహ్నమున రాజభటు లార్గురు గుఱ్ఱములపై వచ్చిరి. తూర్పు సిలువరాతికి మోకులు తగిల్చి లాగి నేలగూల్చి “ఇప్పుడు చెప్పుడు, హద్దెక్కడ?” అని పరిహసించుచు లోనికి జొచ్చిరి. మందిరమున కీర్తనలు పాడుచున్న సన్న్యాసులు పాట నాపి వాకిట గుంపుగూడి కొయ్యబాఱి నిలువబడిరి. పశుశాలలో కవ్వము చేతబట్టియున్న మూరెనను ఒక భటుడు జుట్టుపట్టి యీడ్చెను. లస్సర తాను కూర్చుండు ముక్కాలిపీట నెత్తి వాని ముక్కుపై గొట్టెను. వాని ముక్కు పగిలెను గాని ఫలము లేకపోయెను. మఱి యిద్దఱామెను పేడకుప్పపై ద్రోసి బంధితను గొనిపోయిరి. మూరెన యేడువదయ్యెను, కేకయైన వేయదయ్యెను. గుఱ్ఱపువీపున నడ్డముగా బడియుండి తలయెత్తి యొక్కమాటు లస్సరవైపు చూచెను. ఆ చూపులో నింద యుండినయెడల లస్సర సహించియుండెడిది. అందు నమ్మిక యింకను మిగిలియుండెను.

పేడ కడుగుకొనకయే లస్సర మఠాధిపతియైన సెగేనుని కుటీరమునకు బోయెను. సెగేనుడు నెమ్మదిగల పండితుడు. రాజునకు పినతండ్రి కొడుకు. ఎవరితోను కలహము గిట్టని మెత్తని స్వభావము గలవాడు.

“వార్త నాకును దెలిసినది. రాజు చేసినది యుచితము గాదు. అయినను మందిరమునకు కంచుగంట యొకటి పోత పోయించి పంపెదనని కబురంపినాడు. ఒక దాసికొఱకు రాజుతో వైరము దెచ్చుకొనుట మఠమునకు క్షేమమా?” అని యాతడు పలికెను.

“స్వామీ, ఇక తాకువాడు లేడని నేనామెతో జెప్పితిని. ఆ మాట పాలు పితుకు లస్సరది గాదు. మీది. ఈ మఠముది. ఒక రాయి పడిపోయిన పిమ్మట మిగిలిన మూడు రాళ్లు ఎవరికి అభయమిచ్చును? రేపు మీకే యాపద వచ్చినచో ఎక్కడికి పరుగెత్తెదరు?”

“ఏమి చేయుమందువు?”

“మీరేమియు చేయవలదు. నేను రాజుగారి వాకిట గూర్చుండ బోవుచున్నాను.”

సెగేనుడు త్రుళ్లిపడెను. “ఆవులను పితుకువా రెవరు?”

“పితుకువారు లేకున్న నవి యఱచును. నా మాట వినలేకపోతిరి గదా, వాని మాటయైన వినుడు” అని లస్సర వెడలిపోయెను.

ఆ దేశమున నొక ప్రాచీనధర్మము గలదు. బలవంతుడు బలహీనునకు అన్యాయము చేసినపుడు ఆ బలహీనుడు వాని ద్వారమున నిరాహారుడై కూర్చుండవచ్చును. న్యాయము చేసెదనని మాట యిచ్చువఱకు బలవంతుడును అన్నము ముట్టరాదు. లెక్కసేయక తినెనా యిక వాని మాటకు విలువ లేదు. వాని యాజ్ఞను పాటింప నే ప్రాణియు బద్ధుడు గాడు. దీనిని ద్వారోపవాసమందురు. అయితే బలవంతునకును ఒక వెసులుబాటు గలదు. తానును ఎదురుగా గూర్చుండి యుపవసింపవచ్చును. అప్పుడు ముందుగా తినినవారో ముందుగా లేచి పోయినవారో యోడిపోయినట్లు.

మరునా డుదయముననే లస్సర సరస్సును చుట్టి మూడు మట్టికట్టలు వలయములుగా జుట్టుకొనియున్న దూంగలుని కోటకు జేరి బయటిద్వారమునకెదురుగా తడినేలపై గూర్చుండి బిగ్గఱగా నిట్లనియెను. రాజునైనను ఏకవచనమున సంబోధించుట యా వ్రతమున విధి.

“దూంగలరాజా! ద్రుమేల మఠపు పశుశాల లస్సరను నేను. హద్దురాయి గూల్చి నీవెత్తుకొనిపోయిన మూరెనను మరల హద్దులోపల నిలుపువఱకు నీ వాకిట అన్నము ముట్టను. నీవును ముట్టకుము.”

దూంగలుడు నలువదేండ్ల వయస్సువాడు, వృషభస్కంధుడు, ఎఱ్ఱనిగడ్డము వాడు, ఓటమి యెఱుగనివాడు. చేత కాల్చిన మాంసఖండముతో బయటికి వచ్చి యామెను జూచి ముందు నవ్వెను. అంతలో ద్వారపార్శ్వమున రాతియరుగుపై సగము చూపుపోయిన న్యాయవేత్త ఫింతానుడు కూర్చుండుటకు వచ్చి కఱ్ఱ నేలకానించుట చూచి నవ్వు మాని మాంసమును కుక్కలకు విసరెను. ఫింతానుడు ధర్మము దప్పనివాడని యా సీమ యంతయు నెఱుగును. అతని యెదుట ధర్మమును త్రోసిపుచ్చుట రాజునకును సుకరము గాదు.

“ముసలిదానా, మూడు యుద్ధములలో మూడేసి దినములు నోట గింజ వేసికొనక గుఱ్ఱముపై నుంటిని. నీతో సమానముగా నేనును గూర్చుండెదను. రేపటి ప్రొద్దుగ్రుంకునప్పటికి నిన్ను మోసికొనిపోవుటకు మీ సన్న్యాసులు రావలసియుండును” అని దూంగలుడు ద్వారమునకు లోపలివైపున నున్నిదుప్పటి పఱపించుకొని బాసింపట్టు వేసికొనెను.

“కూర్చుండుము రాజా. చోటు చాలినంత యున్నది” అని లస్సర బదులు పలికి అతని భుజముమీదుగా లోపలి కల్లమువైపు చూచెను. అచ్చట తొలిరొట్టెకై ముందుగా కోసితెచ్చిన యవల పనలు గూడవేయబడియుండెను. పండుగ నాలుగవదినమున వచ్చుననియు ఆ దినమున రాజు తినితీఱవలెననియు లస్సర త్రోవపొడుగునను ఆలోచించుకొనియే వచ్చెను. రాజున కా సంగతి యప్పటికి తట్టలేదు. ఆమెయు చెప్పలేదు.

మొదటిదినము సుఖముగనే గడచెను. రెండవదినము వాన కురిసెను. లస్సర గొంగడి తలమీదికి లాగుకొని మోకాళ్లలోని పోటును పండ్లబిగువున నోర్చుకొనుచు గోడ కావలినుండి వినవచ్చు తిరుగళ్ల ఘోషకు చెవియొగ్గియుండెను. ఏడు తిరుగళ్లు తిరుగుచుండెను. అందొకటి నడుమనడుమ నాగి మరల సాగుచుండెను. తొమ్మిది దినములు విశ్రమించి మెత్తబడిన చేతులు గలది మూరెనయే గనుక అది యామె తిరుగలియే యని లస్సర నిశ్చయించుకొనెను. అది తిరుగుచున్నంతకాలము మూరెన యోడ యెక్కలేదన్నమాట. ఆ చప్పుడే లస్సరకు భోజనమయ్యెను.

ఆనాటి యపరాహ్ణమున రాజుగారి వంటలవాడు యుక్తిపన్ని యప్పుడే దించిన వేడిజున్ను దొప్పలో బెట్టి తెచ్చి లస్సర ముక్కునకు జేనెడు దూరమున నుంచెను. ఆమె వాసన జూచి మొగము చిట్లించెను.

“ఉప్పు చాలలేదు. వడగట్టిన గుడ్డ సరిగా నుదుకలేదు. రాజుగారికి దినమును ఇదియేనా పెట్టుచున్నావు? పాపము.”

భటులు నవ్వాపుకొనలేకపోయిరి. రాజునకును నవ్వు వచ్చెను గాని ఆ వాసన గాలివాలున లోపలికే తిరిగి యతని కడుపులో కత్తివలె గ్రుచ్చుకొనెను. “దానిని పాఱవేయు” మని యతడు గద్దించెను. వంటలవాడు మరల నట్టి యుక్తి పన్నలేదు.

మూడవదినము సెగేనుడు ముగ్గురు సన్న్యాసులతో వచ్చెను. లస్సర పెదవులు పగిలి కన్నులు గుంటలు పడియుండెను. నేల యూగుచున్నట్లును ఆకాశము దిగివచ్చుచున్నట్లును ఆమెకు దోచుచుండెను. అయినను మఠాధిపతిని గాంచి వెన్ను నిటారుగా నిలిపెను.

“లస్సరా, ఇక చాలును. ఇరువదియేడావులును కట్టుగొయ్యలను పెఱికికొనునట్లు అఱచుచున్నవి. నీవు చచ్చిపోయెదవు. మఠాధిపతిగా నాజ్ఞాపించుచున్నాను, లెమ్ము.”

“స్వామీ, ఇన్నేండ్లలో మీ యాజ్ఞ యెన్నడు మీఱితిని? ఈ యొక్కటి మీఱెదను. మీ మఠము మాట నేను నిలువబెట్టుచుండగా మీరు నన్ను లెమ్మనుచున్నారు. అది మీకు న్యాయమని తోచినచో నన్ను లేవనెత్తి మోసికొని పొండు. నా యంతట నేను లేవను.”

సెగేనుడు రాజువైపు చూచెను. రాజు తన పినతండ్రి కొడుకును జూచి ఆమెను ఎత్తుకొనిపొమ్మని కన్నుతో సైగ చేసెను. ఆ సైగ సెగేనునకు రుచింపలేదు. అయినను ఎదిరింప ధైర్యము చాలక తలవంచుకొని మరలిపోయెను. అతని వెంట వచ్చిన ముగ్గురు సన్న్యాసులు మాత్రము ఒకరి మొగమొకరు చూచుకొని లస్సర వెనుక నేలపై వరుసగా గూర్చుండిరి.

నాలుగవదినము పంటపండుగ. తెల్లవాఱకమునుపే నలువైపుల పల్లెలనుండి జనులు పిల్లాపాపలతో కొడవండ్లు చేతబట్టుకొని కోటయెదుటి మైదానమున గుమిగూడిరి. వారములపాటు ఆకులలములు తిని పలుచని మజ్జిగ త్రావి బ్రతికిన మొగములు పాలిపోయియుండెను. రాజు తొలిరొట్టె తినును, కొడవండ్లు చేలలో బడును, సాయంకాలమున కింటింట పొయ్యి రగులునని వారందఱును ఆశపడి వచ్చిరి. అంతలో ఫింతానుడు కఱ్ఱ యూతగా లేచి సభ నుద్దేశించి యిట్లనియెను.

“ప్రజలారా, వినుడు. రాజు ద్వారోపవాసమున కెదురుపవాసము పట్టియున్నాడు. నేడు తినినచో రాజ్యమర్యాద గోల్పోవును. తిననిచో క్రొత్తధాన్యము మీలో నెవ్వరికిని లేదు. ధర్మమిది. దీనిని మార్చుటకు నాకు శక్తి లేదు.”

అప్పుడు గాని దూంగలునకు తాను స్వయముగా నల్లుకొన్న వలలో తానే చిక్కుకొంటినని తెలియరాలేదు. అతడు లస్సరవైపు చూచెను. ఆమె యతనివైపే చూచుచుండెను.

జనుల కోపము ముందుగా లస్సరమీదికే మరలెను. రాజుపై కోపించుటకంటె నేలగూర్చున్న యాడుదానిపై కోపించుట సులభము గదా. “లేచి పొమ్ము!” అని యొకడఱచెను. “ఒక దాసికొఱకు మా పిల్లలను చంపెదవా?” యని మఱియొకడు మట్టిగడ్డ విసరెను. అది యామె భుజమున దగిలెను. చంకనున్న బిడ్డతో నొక పడుచు ముందుకు వచ్చి లస్సర యెదుట మోకరిల్లెను. ఆ బిడ్డ చేతులు ఎండుపుల్లలవలె నుండెను. ఏడ్చుటకైన శక్తి లేక నోరు తెఱచి మూయుచుండెను.

“అమ్మా, నీకు బిడ్డలు లేరా?”

“ఇద్దఱుండిరి తల్లీ. ఈ రాజు యుద్ధములు తినినవి” అని లస్సర పలికెను. కన్నులు మూసికొనెను. నాలుగు దినములుగా ఆకలికి గాని వానకు గాని రాజునకు గాని చలింపని యామె మనస్సు ఆ బిడ్డ నోటి యెదుట చలించెను. అఱచేతులు నేలకానించి లేచుటకన్నట్లు బరువు వానిమీద మోపెను.

అంతలో గోడ కావల తిరుగలి యొకటి యాగెను. నడుమనడుమ నాగుచుండు తిరుగలియే. లస్సర మరల సాగునని యెదురుచూచెను. సాగలేదు. రెండవ తిరుగలి యాగెను. మూడవది యాగెను. ఒకదాని వెంట నొకటిగా నేడును ఆగిపోవ కోటలో నేనాడు నెఱుగని నిశ్శబ్దము వ్యాపించెను. జనులును చెవు లొగ్గిరి.

వంటలవాడు పరుగునవచ్చి “ప్రభూ, దాసీలు ఇక విసరబోమనుచున్నారు. పిడులు వదలి చేతులు కట్టుకొని కూర్చున్నారు” అని విన్నవించెను.

“కొరడా తీయుడు!” అని దూంగలుడు గర్జించెను గాని నాలుగు దినముల యాకలికి ఆ గర్జన బొంగురుపోయెను.

“కొరడా పిండిని విసరింపగలదు రాజా. ఆ రొట్టెను తినుట కెవరున్నారు?” అని ఫింతానుడు నెమ్మదిగా ననియెను.

ఆ మాటకు జనులలో నొక వృద్ధకర్షకుడు తన కొడవలిని నేలనుంచి “ఈ యమ్మ లేచినచో మనము నేడు తినెదము. రాజు ఒక్క మాట యనినను నేడే తినెదము. మాట యనుట రాజున కెంత కష్టము?” అని ప్రక్కవానితో జెప్పెను. ప్రక్కవాడు తన ప్రక్కవానితో జెప్పెను. వేలకన్నులు లస్సరను విడిచి మెల్లమెల్లగా ద్వారము లోపలివైపునకు మరలెను. బిడ్డనెత్తుకొన్న పడుచుగూడ తల ద్రిప్పి రాజును చూచెను. లస్సర నేలనుండి యఱచేతులు దీసి యొడిలో బెట్టుకొనెను.

దూంగలుడు లేచి నిలువబడెను. తూలి ద్వారస్తంభమును పట్టుకొనెను. బలవంతపు చిఱునవ్వు దెచ్చుకొని యందఱు వినునట్లు “నా యౌదార్యముచే నా దాసిని ద్రుమేల మఠమునకు దానమిచ్చుచున్నాను. కొనిపొమ్ము” అనియెను.

జనులు సంతోషమున కేకలు వేయబోవుచుండగా లస్సర యడ్డముగా చేయెత్తెను.

“దానము వలదు.”

“ఏమంటివి?”

“తనదైన దానినే యెవడైనను దానమిచ్చును. ఆ పిల్ల హద్దు దాటినక్షణమున నీది కాకపోయెను. దానముగా పుచ్చుకొంటినా నీవు చేసినది న్యాయమని నేనొప్పుకొన్నట్లగును. ఆమె యీ కోట దాసిగా మాని మా మఠము దాసి యగును. నేనడిగినది దానము గాదు రాజా. నీ నోటితో తప్పు చేసితినని చెప్పుము. నీ కాళ్లతో నడచివచ్చి నీ చేతులతో ఆ రాతిని నిలుపుము. ఆమె తన కాళ్లతో తాను లోనికి నడచును.”

“నేను కాదన్నచో?”

“రేపో మాపో నేను చచ్చెదను. నా శవమిచ్చటనే యుండును. దానిని దాటివచ్చి నీవు రొట్టె తినవలసియుండును.”

రాజు ఫింతానునివైపు చూచెను. న్యాయవేత్త మసకకన్నులను నేలకు వాల్చి “ఆమె పలికినదే ధర్మము. లాగుకొన్న దానిని తిరిగియిచ్చుట దానము గాదు” అనియెను. దూంగలుడు తుదకు తలయెత్తక “తప్పు చేసితిని” అనియెను. వెనుకనున్నవారికి వినబడలేదని యెవరో యఱచిరి. రాజు మరల ననవలసివచ్చెను.

ఆ మధ్యాహ్నము దూంగలుడు సరస్సును చుట్టి కాలినడకన బోయెను. వాహనమెక్కుటకు లస్సర యొప్పుకొనలేదు. నడచుటకు శక్తియు లేదు. సన్న్యాసులు ముగ్గురామెను చేతులపై మోసికొని నడచిరి. ప్రజలందఱు వెంట నడచిరి. కూలిన సిలువరాతికడ రాజు మోకు పట్టి లాగెను. అతని యఱచేతులు చిట్లినవి. రాయి లేచి నిలిచినపుడు మూరెన యెవ్వరును చేయిపట్టకుండ త్వరపడక దానిని దాటి లోనికి నడచి వెనుదిరిగి నిలువబడి రాజును సూటిగా జూచెను. ఆమె దాటినచోటనే రాళ్లు కాల్చి తొలిరొట్టె కాల్చిరి. ఆకలిగొన్న రాజు హద్దుకు వెలుపల నిలుచుండి దానిని తినెను. చంటిబిడ్డ తల్లికి రెండవ రొట్టె నిమ్మని లస్సర సైగ చేసెను. పిదప మూరెన దొప్పెడు మజ్జిగ తెచ్చి యామె పెదవులకానించెను.

లస్సర గెలిచిన దొక్కతెనే. తక్కిన దాసీ లార్గురును కోటలోనే మిగిలిరి. తిరుగళ్ల నాపినందుకు వారనుభవించిన దెబ్బల సంగతి మఠమునకు తరువాత దెలిసెను. ఆ వార్త వినినది మొదలు లస్సర చాలదినములు ఎవరితోను మాటాడక ఆవుల నడుమ దిరుగుచుండెను. మరుసటి వసంతమున వారిలో నిద్దఱు తుప్పలలోబడి పరుగెత్తి తూర్పురాతిని దాటిరి. వెన్నాడివచ్చిన భటులు రాతికడ గుఱ్ఱములను నిలిపి కొంతసేపు దూషించి మరలిపోయిరి.

ఉపవాసము జరిగిన యా యేటి శీతకాలమున లేఖనశాలలో సంవత్సరవృత్తాంతమును వ్రాయించుచు సెగేనుడు దూడతోలుపై నొక పంక్తి తానే స్వయముగా లిఖించెను. ధర్మాత్ముడగు దూంగలరాజు భక్తితో తూర్పు సిలువరాతిని నిలిపెనని యందుండెను. లేఖనశాల నూడ్చుచు సన్న్యాసులకడ నక్షరములు నేర్చుకొనుచున్న మూరెన దానిని కూడబలుకుకొని చదివి మొగ మెఱ్ఱజేసికొని లస్సరకు జెప్పెను. లస్సర పాలకడవ దించి చేతులు తుడుచుకొని సెగేనుని కుటీరమునకు బోయెను. మఠాధిపతి యెదుట బల్లపై మధ్యాహ్నభోజనము పొగలు గ్రక్కుచుండెను.

“నీ పేరు గూడ వ్రాయుమని యడుగవచ్చితివా? రాజుల వృత్తాంతమున పాలు పితుకువారి పేరులెట్లు వ్రాయుదురు లస్సరా?” అని సెగేనుడు నొచ్చుకొనుచునే యనియెను.

“నా పేరేల స్వామీ? నా పేరు నా యావులకు దెలియును. ధర్మాత్ముడని వ్రాసికొనుడు, ఆయన మీ తమ్ముడు. భక్తితో నను మాట మాత్రము తీసివేయుడు. ఆ రాతిని లేపునపుడు నేను చూచుచుంటిని. అచ్చట భక్తి లేదు.”

“రాజు కోపించును.”

లస్సర బయటికి నడచెను. గొంగడి నొడలికి జుట్టుకొని కుటీరద్వారమునకు సరిగా నెదురుగా మంచు పట్టిన రాతిపై నెమ్మదిగా గూర్చుండి ఒడిలో చేతులు పెట్టుకొనెను.

సెగేనుడు వాకిట గూర్చున్న యామెను జూచెను. బల్లపై చల్లారుచున్న యన్నమును జూచెను. పెద్దగా నిట్టూర్చి వ్రాతయీకలు చెక్కు చిన్నచాకును దీసికొనెను.

పీఠములెక్కినవారు వ్రాయించిన దానికంటె నేలగూర్చున్నవారు చెఱిపించినది యొక్కొకయెడ సత్యమునకు చేరువగా నుండును. ఆ పుటయందు రాజు పేరునకును రాతికిని నడుమ నొక్క మాట పట్టునంత చోటు నేటికిని ఖాళీగానే యున్నది. చాకుమొనచే గీకబడి పలుచనైన యా చోటును దీపమున కెదురుగా బట్టి చూచినచో చుట్టునున్న యక్షరములన్నియు నల్లగా నిలిచియుండ వెలుగు దానిగుండ మాత్రము ఈవలికి వచ్చును.